అడుగున ఒక గంటె

ఝరాసంగం,
9 జూన్ 2025

మనవరాలు భవానికి, నీ నాయనమ్మ నారమ్మ ఎదురుగా కూర్చుని చెప్పి రాయిస్తున్న సంగతులు.

రాస్తున్నది సాల్మన్. ముప్పై ఏళ్లు మన ఊళ్లో ఉత్తరాలు పంచి, ఇప్పుడు పింఛను మీద అరుగు ఎక్కి కూర్చున్న సాల్మనే. నా నోటి మాటను బడి తెలుగులోకి మార్చి రాస్తాడు. తిట్లు మాత్రం రాయనంటున్నాడు. కాబట్టి ఈ ఉత్తరం ఎక్కడైనా మెత్తగా అనిపిస్తే అక్కడ నేను తిట్టానని తెలుసుకో.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నా ఎడమ చెవి పోయింది, కుడి చెవి సగం పోయింది. మీ నాయన ఈరయ్య నడుమ నిలబడి నీ మాట నాకు, నా మాట నీకు చెబుతూ సగం మింగేస్తాడు. కాయితం మింగదు.

ఇక నా వాదం విను.

పోయిన దసరాకు వచ్చినప్పుడు నువ్వు నా అంబలి కుండలోంచి చిన్న సీసాడు తీసుకుపోయావు. "ఏంటికే?" అంటే "పరీక్షకు" అన్నావు. పరీక్ష అంటే నువ్వు కూర్చుని రాసేదే అనుకున్నాను. మొన్న మీ నాయన నువ్వు ఫోన్‌లో పంపింది చదివి వినిపించాడు. నా కుండలో కంటికి కనబడని పురుగు ఒకటి ఉందట. ఏ మందుకూ చావని రోగపు పురుగులను అది చంపుతుందట. దాని నుంచి మీరు పుణెలో మందు చేస్తున్నారట. సంతోషం. నన్ను ఒక్క మాట అడగలేదు, దాని సంగతి తర్వాత తేలుస్తాను.

ఇప్పుడు నా కుడికాలు సంగతి. ఉగాదికి ముందు చేనులో కంది కొయ్య గుచ్చుకుంది. షుగర్ ఉన్న కాలు, నొప్పి తెలియలేదు. తెలిసేసరికి బొటనవేలు నేరేడుపండు రంగుకు వచ్చింది. రెండు నెలలుగా జహీరాబాద్ దవాఖానకు తిరుగుతున్నాను. సూదులు అయ్యాయి, గోళీలు అయ్యాయి. డాక్టరు చీము తీసి పరీక్షకు పంపి, వచ్చిన కాయితం చూసి తల గోక్కున్నాడు. "అవ్వా, నీ కాల్ల ఉన్న క్రిమి మొండిది. మా మందులకు లొంగుతలేదు. వేలు తీసెయ్యాలె. లేకుంటే పాదం పోతది, ఇంకా ఆలస్యం చేస్తే మోకాలు దాకా పోతది" అన్నాడు.

"నీ తాన లేకుంటే నా మనవరాలి తాన ఉన్నది మందు. నా కుండల నుంచే తీసిన్రు" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు గుర్తుపెట్టుకుని వచ్చాను.

బొటనవేలు లేకుంటే ఏమవుతుందని మీ నాయన అడుగుతాడు. వాడు ట్రాక్టర్ల కంపెనీలో బూట్లు వేసుకుని తిరిగేవాడు, వాడికేం తెలుసు! తడి చాలులో నడుస్తూ విత్తనం వదిలే మనిషికి పట్టు అంతా ఆ వేలిలోనే ఉంటుంది. యాభై ఏళ్లుగా మన చేనులో విత్తేది నా చెయ్యే. ఆ వేలు పోతే నన్ను మంచానికి కట్టేసినట్టే.

కాబట్టి పుణె నుంచి వచ్చే బస్సులో మందు పంపించు. డ్రైవర్ చేతికిస్తే హైవే మీద మీ నాయన తీసుకుంటాడు. నా కుండ, నా పురుగు, నా కాలు. నడుమ అడ్డం చెప్పడానికి ఎవరున్నారు?

నారమ్మ, వేలిముద్ర

—

పుణె,
19 జూన్ 2025

నాయనమ్మకు భవాని దండాలు.

నీ ఉత్తరం అందింది. హాస్టల్‌కు ఉత్తరాలు వచ్చి ఎన్నేళ్లయిందో, వార్డెన్ దాన్ని అటూ ఇటూ తిప్పి "కోర్టు నోటీసా?" అని అడిగింది. చదివాక నాకూ అదే అనిపించింది.

అడగకుండా తీసుకుపోవడం నా తప్పే. నీకు చెప్పేంత పెద్దది అవుతుందని అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు చెబుతాను, సాల్మన్ తాత నెమ్మదిగా చదివితే అర్థమవుతుంది.

నీ కుండలోని బాక్టీరియా ఒకటి పెప్టైడ్ అనే బుల్లి గొలుసును తయారుచేస్తుంది. ఆ గొలుసు వేరే క్రిముల ఒంటికి చిల్లులు పొడుస్తుంది. లోపలి సత్తువంతా కారిపోయి అవి చస్తాయి. మందులకు అలవాటుపడిపోయిన మొండి క్రిములు కూడా చస్తున్నాయి. కాని నీ కుండ బాక్టీరియా దాన్ని చాలా కొంచెమే చేస్తుంది. ప్రతి జీవి లోపలా అది చేసే పనుల వివరం ఒక రాతలాగా ఉంటుంది. ఆ రాతలో గొలుసు తయారీ ఎక్కడుందో మేము వెతికి, ఆ ముక్కను మాత్రం కొత్తగా రాసుకుని, ప్రయోగశాలలో తొందరగా పెరిగే ఇంకో బాక్టీరియాలో పెట్టాం. ఇక అది కుండలకొద్దీ చేసిపెట్టాలి. దీన్ని సింథటిక్ బయాలజీ అంటారు. నా చదువంతా ఇదే.

అయితే ఇది ఇంకా మందు కాలేదు. గాజు గిన్నెల్లో పనిచేసింది, అంతవరకే. ఇకముందు ఎలుకల మీద చూడాలి, ఆ తర్వాతే మనుషుల మీద. ఇప్పుడు నీకు పంపితే నేరం. నేరం సంగతి పక్కనపెట్టినా నీకే ప్రమాదం. అందుకని ఆగాలి నాయనమ్మా. తొందరపడితే చెడుతుంది. డాక్టరుతో గొడవ పెట్టుకోకు.

ఇక్కడ జొన్నరొట్టెను భాకరీ అంటారు. మెస్సులో అట్టముక్కలా చేస్తారు. నువ్వు కొట్టిన రొట్టె గుర్తొచ్చి వాళ్లను తిట్టుకుంటూ తింటున్నాను.

ప్రేమతో,
భవాని

—

ఝరాసంగం,
1 జూలై 2025

భవానికి నారమ్మ చెప్పేది.

నీ ఉత్తరం సాల్మన్ మూడుసార్లు చదివాడు. మొదటిసారి నాకు అర్థం కాలేదు. రెండోసారి అతనికి అర్థం కాలేదు. మూడోసారి ఇద్దరం కలిసి ఒక దారికి వచ్చాం. ఆగమన్నావు. సరే, ఆగుతున్నాను.

మొన్న బుధవారం వేలు తీస్తానని డాక్టరు రోజు పెట్టాడు. మీ నాయన ఆటో తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. "తిప్పి పంపియ్యి. ఆగాలె అని నీ బిడ్డనే కాయితం రాసింది" అన్నాను. "అమ్మా, గది మందు సంగతేమో..." అని నసిగాడు. కాయితం తీసి ముఖం మీద పెట్టాను. ఆటోను తిప్పి పంపాడు. నీకు ఫోన్‌లో ఏమీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించాను. పుణెలో నువ్వు మందు మీద మనసు పెట్టాలి కదా.

ఎలుకల మాట మాత్రం నాకు నచ్చలేదు. ముందు ఎలుకలకట, తర్వాత మనుషులకట. ఏ ఎలుక ఆ కుండను కాచింది? అంత భయమైతే ఎలుకల వరసలో నన్ను నిలబెట్టు. నేనే వచ్చి కాలు చాపుతాను.

పురుగు లోపల కూడా రాత ఉంటుందని రాశావు. డెబ్బై నాలుగేళ్ల నుంచి నాకు రాని రాత నా కుండలో పురుగుకు వచ్చిందా! సరే, అది చూసి రాసుకుని ఇంకో పురుగు కడుపులో పెట్టారు. ఆ పురుగు ఎవరింటిది? కుండ పద్ధతి దానికి ఎవరు చెప్పారు? మా అత్త నాకు కుండ అప్పజెప్పిన రోజు ఎసరు, పిండి ముచ్చట ఒక్కటే చెప్పలేదు. కుండను ఎన్నడూ పూర్తిగా ఒంపొద్దని చెప్పింది. అడుగున ఒక గంటె పాత అంబలి ఉండాలి, దాని మీదే కొత్తది పోయాలి. ఇంటి ఆడపిల్ల పెళ్లి చేసుకుని పోయే రోజు ఆ పాత అంబలి ఒక గంటె ముంతలో పోసి, ముంత మూతికి పసుపు రాసి చేతికిస్తాం. మీ తాత చెల్లెలు యాదమ్మ మొగుడంపల్లికి అట్లనే పట్టుకుపోయింది.

ఆ పేరు నా నోటి నుంచి జారింది, కొట్టెయ్యమన్నాను. కాయితం పాడవుతుందని సాల్మన్ కొట్టెయ్యలేదు. నిండు పందిట్లో, పదిమంది ముందు, "నా అంబలి ముందల మా వదినె అంబలి కడుగునీళ్లు" అన్న మనిషి అది. తొమ్మిదేళ్లుగా దాని గడప తొక్కలేదు. తొక్కను.

వాన పడింది. అందరూ పెసలు, కందులు విత్తుతున్నారు. నేను మంచాన్ని నీడకు జరిపించుకుంటూ, మళ్లీ ఎండకు జరిపించుకుంటూ కూర్చున్నాను. మీ అమ్మ శ్యామల "అత్తా, జర ఒక్కతాన కూసోరాదు" అంటుంది. కూర్చుంటే కాలు గుర్తొస్తుంది. లేస్తే కాలు నిలబడనివ్వదు. ఊరికే ఆగడం నాకు చేతకాని పని. అందుకని నీ మందు వచ్చేదాకా ఆ మందు తల్లినే వాడుతున్నాను. పొద్దున, సాయంత్రం అంబలి మీది తేటనీళ్లు పుండు మీద పోసి గుడ్డ కడుతున్నాను. చల్లగా ఉంది. నువ్వు నిదానంగానే చెయ్యి.

నారమ్మ, వేలిముద్ర

—

పుణె,
9 జూలై 2025

నాయనమ్మా, ఆపు. ముందు ఆ నీళ్లు పోయడం ఆపి, తర్వాత ఈ ఉత్తరం చదివించుకో.

ఆగాలని నేను రాసింది మందు గురించి. వేలు గురించి కాదు! వేలు తీయించుకో అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. "ఆగాలి" అని రాసి, డాక్టరుతో గొడవ వద్దని రాసి, నీకు అర్థమవుతుందిలే అని అంటించేశాను. నాయనను ఫోన్‌లో అడిగిన ప్రతిసారీ "మంచిగనే ఉన్నది" అన్నాడు. నమ్మాను. ఇప్పుడు తెలుస్తోంది ఎందుకలా అన్నాడో.

కుండలో మేము కనిపెట్టిన ఆ ఒక్క బాక్టీరియానే ఉండదు. వందల రకాలు ఉంటాయి. కడుపులోకి పోతే మంచివే. తెరిచిన పుండులోకి పోతే ఏది ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ నీళ్ల వల్లనే పుండు ముదిరి ఉండొచ్చు కూడా. దయచేసి దవాఖానకు పో. వేలు పోతే నడక నేర్చుకోవచ్చు. విషం ఒళ్లంతా పాకితే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

మందు కోసం చూడకు. ఇక్కడ పని ఆగిపోయింది. మేము రాత మార్చి తయారుచేసిన బాక్టీరియా గొలుసు చేయడం మొదలుపెట్టగానే అదే చస్తోంది. తను చేసిన విషం తనకే తగులుతోంది. పొద్దున చిక్కగా ఉన్న సీసా మధ్యాహ్నానికి తేటబడిపోతుంది. వారంలో నాలుగుసార్లు చూశాను. మందు చేసే పురుగే బతకకపోతే మందు ఎక్కడి నుంచి వస్తుంది? అంతా కుదిరినా మనిషి దాకా రావడానికి పదేళ్లు పడుతుంది. ఇది ముందే రాయాల్సింది. గొప్పకు పోయి రాయలేదు.

భవాని

—

ఝరాసంగం,
18 జూలై 2025

భవానికి.

పదేళ్లు. సాల్మన్ ఆ మాట చదివి ఆగిపోయాడు. "మళ్లా చదువు" అన్నాను. మళ్లీ పదేళ్లే వచ్చింది.

నా కుండలో విషముందని రాశావు. నా పుండు ముదిరింది దాని వల్లనే అని రాశావు. నా చేతి అంబలి తాగి మీ నాయన పెరిగాడు, నువ్వు పెరిగావు, ఈ సాల్మన్ తాగాడు, మన వాకిలి ముందుగా పోయిన కూలోళ్లందరూ తాగారు. అంటే ఇన్నేళ్లు నేను జనానికి విషం పోశానా? రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు శ్యామలను పిలిచి కుండను ఒంపించాను. అడుగు గంటె కూడా ఉంచలేదు. సోడా వేసి, బూడిద వేసి, కొబ్బరి పీచుతో మూడుసార్లు తోమించి, మసిలే నీళ్లు పోయించి, గోడ మీద ఎండలో బోర్లించాను. తోముతుంటే శ్యామల ఏడ్చింది. నేను ఏడవలేదు.

ఇప్పుడు చెప్పు, నీ కళ్లు చల్లబడ్డాయా? నువ్వు తీసుకుపోవాల్సింది తీసుకుపోయావు. దాని రాత రాసుకున్నావు. ఇక ముసలిదానికి కుండ ఎందుకు, కాలు ఎందుకు అనుకున్నావు. దవాఖానకు పొమ్మంటావు. పోను. డాక్టరు ముందు ఏ ముఖం పెట్టుకుని పోవాలి? నా మనవరాలి తాన మందు ఉన్నదని చెప్పి వచ్చిన ముఖం ఇది.

నేను బాగున్నాను.

నారమ్మ, వేలిముద్ర

అమ్మా భవానీ, ఇది నేను, సాల్మన్, మీ నాయనమ్మకు చెప్పకుండా రాస్తున్నాను. "బాగున్నాను" అని ఆమె చెప్పింది కాబట్టి రాశాను. నిజం కాదు. నాలుగు రోజులుగా జ్వరం. పక్క వేలు కూడా నల్లబడింది. గదిలోకి పోతే వాసన వస్తోంది. ఇన్నేళ్లు ఎవరి ఉత్తరంలోనూ నా మాట కలపలేదు, ఇదే మొదటిసారి. ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. మీ నాయనకు కూడా నీతో నిజం చెప్పమని ఇప్పుడే పోయి చెబుతాను, ఒట్టు సంగతి దేవుడు చూసుకుంటాడు.

—

పుణె,
21 జూలై 2025

నాయనమ్మా,

ఇప్పుడే నాయనతో మాట్లాడాను. రేపటి బస్సుకు వస్తున్నాను. ఈ ఉత్తరం నాకంటే వెనక చేరుతుంది. అయినా రాస్తున్నాను. నీ ముందు నిలబడితే నా నోరు పెగలదు.

నీ కుండలో విషం లేదు. నేను భయపడి రాసిన ఒక ముక్క అది, నువ్వు దాన్ని పట్టుకుని కుండను శిక్షించావు. తిట్టాల్సింది నన్ను.

ఇంకొకటి కూడా చెప్పాలి. నీ కుండ బాక్టీరియా తన విషం తనకు తగలకుండా ఏదో కాపలా పెట్టుకుంటుంది. గొలుసు రాతను మాత్రమే రాసుకున్నాం, కాపలా ఏదో పోల్చుకోలేకపోయాం. పోల్చుకోవాలంటే ఆ అసలు పురుగును ప్రాణంతో పక్కన పెట్టుకుని చూడాలి. గడ్డకట్టించి దాచినదాన్ని లేపితే అది లేచింది కాని గొలుసు చేయడం మర్చిపోయింది. అలా జరుగుతుందట. నీ కుండలోంచి తెచ్చిన సీసా నుంచి మళ్లీ తీద్దామంటే, పని అయిపోయిందని పోయిన చలికాలమే దాన్ని నా చేతులతో కడిగేశాను. కుండ తోమించావని చదివి ఏడ్చాను. కాని మొదట సీసా కడిగింది నేనే.

కుండ పోతే పోనీ. మందు పోతే పోనీ. నువ్వు దవాఖానకు పో.

భవాని

—

ఝరాసంగం,
20 ఆగస్టు 2025

భవానికి నారమ్మ రాయించేది.

నువ్వు వచ్చి, పోనన్న నన్ను దవాఖానలో వేయించి, మంచం పక్కన అయిదు రోజులు కూర్చుని పోయావు. ఆ అయిదు రోజులూ నీతో మాట్లాడలేదు. మాట్లాడాల్సింది ఇప్పుడు చెబుతున్నాను.

నువ్వు ఏడ్చావని నేను వేలు తీయించుకోవడానికి ఒప్పుకున్నానని ఊరంతా అనుకుంటోంది. అది కాదు. నువ్వు రాసిన ఒక మాట జ్వరంలో నా తల్లో తిరిగింది. మందు చేసే పురుగే బతకకపోతే మందు ఎక్కడిదని రాశావు. మరి కుండ కాచే ముసల్ది బతకకపోతే కుండ ఎక్కడిది? ఆ మాట నాకు నేనే అనుకుని డాక్టరును పిలిపించాను. "తీసెయ్యి. గని నా వేలు నుంచి తీసిన చీము పారెయ్యొద్దు. పుణెకు పంపాలె, నా మనవరాలి గిన్నెలకు. గట్లయితెనే చెయ్యి పెట్టు" అన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు. కాయితాలు తెప్పించి చదివి వినిపించాడు. చేతి బొటనవేలితో ముద్ర వేసి కాలి బొటనవేలును పంపించేశాను. పక్క వేలు కూడా దాని వెంట పోయింది. పాదం నిలిచింది.

పక్క మంచం మీద బీరమ్మ అని ఒక ఆమె ఉండేది, నువ్వూ చూశావు. చెరుకు కొట్టే మనిషి, ముప్పై ఎనిమిదేళ్లు. అదే షుగర్, అదే మొండి క్రిమి. ఆలస్యంగా తెచ్చారు. మోకాలి కింద తీసేశారు. నేను వేళ్ల కోసం కొట్లాడుతుంటే ఆమె నావైపు చూసేది. ఒకరోజు "అవ్వా, నీ మనవరాలి మందు నా రెండో కాలు దాంక వస్తదా?" అని అడిగింది. గోడవైపు తిరిగి పడుకున్నాను.

నడక మళ్లీ నేర్చుకుంటున్నాను. మడమ మీద బరువు వేస్తే ఒరిగిపోతున్నాను. వాకిట్లో గోడ పట్టుకుని పోవడం, గోడ పట్టుకుని రావడం. శ్యామల లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, నేను తిడుతూ ఉంటాను. కుండ ఇంకా గోడ మీద బోర్లించే ఉంది. ఎవరూ ముట్టలేదు.

మొగుడంపల్లి ముచ్చట నువ్వు ఎత్తుతావని నాకు తెలుసు. యాదమ్మ కుండలో మన గంటె ఉంది. ఎత్తకు. నేను పోను.

నారమ్మ, వేలిముద్ర

—

పుణె,
10 సెప్టెంబరు 2025

నాయనమ్మా,

నువ్వు దవాఖానలో మాట్లాడకపోయినా, నేను బయల్దేరేటప్పుడు నా చున్నీ కొస పట్టుకుని వదిలావు. అది మాటే అనుకున్నాను.

దవాఖాన వాళ్లు పంపిన నీ క్రిమి కాయితాలతో సహా క్షేమంగా చేరింది. గాజు గిన్నెలో దాన్ని పెంచాను. మబ్బు పట్టినట్టు గిన్నె నిండా పెరిగింది. మా దగ్గర అప్పటి గొలుసు ఒక్క చుక్కే మిగిలి ఉంది. దాన్ని గిన్నె నడుమ వేశాను. మరునాడు చూస్తే నడుమ రూపాయి బిళ్లంత మేర తేటగా ఉంది. అక్కడ ఒక్క క్రిమి లేదు. డాక్టర్లు అన్ని సూదులతో చంపలేనిదాన్ని నీ కుండ చంపింది.

మా సార్ వచ్చి చూసి చప్పట్లు కొట్టారు. నాకు సంతోషం రాలేదు. గిన్నెలో తగ్గింది కాని నీ కాలి మీద తగ్గలేదు కదా. ఆ గిన్నెను ఎవరినీ ముట్టనివ్వకుండా దాచాను.

ఆ చుక్క అయిపోయింది. యాదమ్మవ్వ దగ్గరికి పొమ్మని నిన్ను అడగను. దసరాకు నేనే పోయి తెచ్చుకుంటాను. నువ్వు ఊ అను చాలు. కావాలంటే మీ ఇద్దరి గొడవ సంగతి నాకు తెలియనట్టే ఉంటాను.

భవాని

—

ఝరాసంగం,
6 అక్టోబరు 2025

భవానికి నారమ్మ రాయించేది. తిట్లు కూడా రాస్తానని సాల్మన్ దగ్గర మాట తీసుకున్నాను, కాబట్టి ఈసారి ఉన్నది ఉన్నట్టే.

దసరాకు సెలవు దొరకలేదని ఫోన్ చేశావట. మంచిదే అయింది. నా కుండ కోసం నువ్వు పోయి చేయి చాపితే ఆ యాదమ్మ జన్మంతా నన్ను దెప్పుతుంది. అందుకని శుక్రవారం నేనే పోయాను. సాల్మన్ తోడు వచ్చాడు. షేర్ ఆటోలో పదిమంది నడుమ కాలు ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. ఎవరి మోకాలైనా తగిలితే చంపుతానని ముందే చెప్పాను. జహీరాబాద్‌లో దిగి ఇంకో ఆటో. మొగుడంపల్లిలో దిగి దాని ఇంటి దాకా కట్టె పట్టుకుని నడిచాను.

అది వాకిట్లో పెసలు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"ఎవరదీ?"

"కండ్లు పోయినయా? నేనే."

"గొంతు ఎరుకైతంది గని మనిషి ఎరుకైతలేదు. మా వదినె కట్టె పట్టుకొని వచ్చే మనిషి కాదు. దబదబ నడిచొచ్చి తిట్టే మనిషి."

"తిట్టనీకి కాళ్లతోని పనేమున్నది?"

అప్పుడు చూసింది నా కాలు. చేట కింద పెట్టింది. "రెండు వేళ్లు ఏడవోయినయ్, వదినె?"

"పుణె పోయినయ్. చదువుకోనీకి."

సాల్మన్ నవ్వాడు. అది నవ్వలేదు. లోపలికి పోయి గిన్నెడు అంబలి తెచ్చి నా ముందు పెట్టింది. "తాగు. తాగి చెప్పు, ఎట్లున్నదో."

తాగాను. తొమ్మిదేళ్ల కోపంతోనే గిన్నె ఖాళీ చేశాను. "పులిసింది" అన్నాను.

"పులవకుంటే అంబలెట్లయితది? మంచిగున్నదా, లేదా?"

"మంచిగనే ఉన్నది."

"నీ దానికన్నా?"

సాల్మన్ ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను గిన్నె కింద పెట్టి "నాది ఇప్పుడు లేదు గదనే యాదమ్మా. సోడా పెట్టి తోమిపిచ్చిన" అన్నాను.

అది వచ్చి నా ఎదురుగా చతికిలబడింది. "మా అమ్మ కుండనా?" అంది. నేను దాన్ని ఎన్నడూ మా అత్త కుండ అనుకున్నానే కాని, యాదమ్మ తల్లి కుండ అనుకోలేదు. ఆ తర్వాత అది నన్ను తిట్టింది చూడు! ముండ, మొద్దు, బుద్ధిలేని ముసల్ది. సాల్మన్, అన్నీ రాయి. నేను ఒక్క మాట ఎదురు అనలేదు. తిట్టి తిట్టి అలిసి, కొంగుతో ముఖం తుడుచుకుని, "నా దాంట్ల ఉన్నది మా అమ్మదే. గది నీది గూడ" అంది.

రెండు ముంతలు తెచ్చింది. రెండింట్లోనూ గంటెడు గంటెడు పోసింది. మూతులకు పసుపు రాసింది. ఆడపిల్లను పంపినట్టే! డెబ్బై నాలుగేళ్లకు నన్ను ఆడపిల్లను చేసి పంపింది. గడప దాటుతుంటే "మళ్ల తొమ్మిదేండ్లకు వస్తవా?" అని అరిచింది. "అప్పటిదాంక నువ్వు బతికుంటే గద!" అని నేనూ అరిచాను.

ఒక ముంత మన కుండలో పోశాను. మూడో రోజుకు పులిసింది. రెండో ముంతలోది సీసాలో పోసి, గుడ్డలో చుట్టి, ఈ ఉత్తరంతో పాటు పుణె బస్సు డ్రైవర్ బస్వరాజ్ చేతికి ఇస్తున్నాను. మీ నాయనకు తెలిసినవాడే. పుణెలో నువ్వే వచ్చి తీసుకో, ఇంకెవరినీ పంపకు.

తెల్లజొన్న అదును వచ్చింది. నిన్న చేనులో దిగాను. బొటనవేలు లేకుండా చాలులో పట్టు దొరకదు, అది నిజమే. రెండుసార్లు పడ్డాను. మీ నాయన పరుగెత్తుకొచ్చాడు, కట్టె ఎత్తి చూపించాను, ఆగిపోయాడు. మడమ లోపలికి తిప్పి వేస్తే కొంచెం నిలబడొచ్చని తెలిసింది. మూడు చాళ్లు విత్తాను. వంకరగా వచ్చాయి. మొలిచినప్పుడు ఊరంతా చూసి నవ్వుతుంది, నవ్వనీ.

పదేళ్లు పడుతుందని రాశావు కదా. నేను ఆగను, నాకు అంత తీరిక లేదు. కాని బీరమ్మకు రెండో కాలు ఉంది. దవాఖానకు కట్టు మార్పించుకోవడానికి పోయినప్పుడు కలిసింది. కర్రల మీద వచ్చింది. నీ మందు వస్తదని చెప్పాను. ఎలుకల తర్వాతనే వస్తదని కూడా చెప్పాను. నీ కాయితాల్లో ఎక్కడైనా ఆమె పేరు రాసుకో.

ఇక పని మొదలుపెట్టు. సీసా మొత్తం ఒక్కసారే ఒంపుకోకు. అడుగున ఒక గంటె ఉంచు.

నారమ్మ, వేలిముద్ర